ఎవరి పోలిక?



“అబ్బాయి అచ్చం ఫలానా హీరోలా ఉన్నాడే!” అనే మాట పెండ్లిచూపుల దగ్గర, మంగలి షాపు అద్దం ముందు, కాలేజీ బస్సులో, ఆఖరికి ఆదివారం పూజ ముగిసి గుడి మెట్లు దిగేటప్పుడు కూడ వినబడుతూ ఉంటుంది. విన్న కుర్రవాడు “ఊరుకోండి బాబాయ్” అని తల వంచుకుంటాడు గాని, ఇంటికి చేరగానే అద్దం ముందు నిలబడకుండా ఉండడు. ఆడపిల్లలూ ఇందులో తక్కువేమీ కాదు. మొన్న మా విచారణ యువతకు ధ్యానకూటం జరిపినప్పుడు ప్రశ్నల పెట్టెలో పేరు వ్రాయని చీటీ ఒకటి పడింది. తనకు ఒక నటుడంటే ప్రాణమట. అందరూ నువ్వు అతనిలాగే ఉన్నావంటారట. ఆ మాట వింటే రోజంతా సంతోషంగా ఉంటుందట. ఇది పాపమా ఫాదర్ అని ప్రశ్న. దస్తూరీ చూస్తే పదవ తరగతి దాటని బిడ్డ అనిపించింది. సమయం చాలక అక్కడ రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. మిగిలినది ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ఆ బిడ్డకు ధైర్యం చెప్పాలి. పాపం కాదు నాయనా. తిరుసభ సినిమాకు శత్రువు కాదు. 12వ పియుసు జగద్గురువులు 1957లో సినిమా, రేడియో, టెలివిజన్‌ల గురించి ఒక విశ్వలేఖ వ్రాశారు. ఆ మూడింటినీ మానవుని తెలివి ద్వారా దేవుడిచ్చిన వరాలుగానే అందులో ఎంచారు. ఆ సంవత్సరమే మన తెలుగునాట ‘మాయాబజార్’ విడుదలయింది. పునీత 2వ జాన్ పాల్ జగద్గురువులు గురువు కాకముందు నటులు. నాజీ సైన్యం పోలండును ఆక్రమించిన రోజుల్లో, క్రాకోవ్ నగరంలో 1941 నుండి రహస్యంగా నాటకాలాడిన బృందంలో వారొకరు. పట్టుబడితే ప్రాణాలు పోయేవి. నటన అంటే చులకనగా మాట్లాడే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

అభిమానం మనిషికి సహజం. ఎన్.టి. రామారావు గారు శ్రీకృష్ణుడుగా కనిపించిన తరువాత ఆ రూపం కాలెండర్లకెక్కి ఎన్నో ఇళ్ళలో దేవుని గూటికి చేరింది. తిరుపతి యాత్రకు పోయిన హైందవ సోదరులు అక్కడినుండి మద్రాసు వెళ్ళి ఆయన ఇంటి ముందు నిలబడి చూచి వచ్చేవారు. వారు అమాయకులని మనం నవ్వనక్కరలేదు. వారు ఆ ముఖంలో తాము నమ్మినదానిని చూచారు. నటుణ్ణి ప్రేమించే ప్రతివాడూ చేసేది ఇంచుమించు ఇదే. ఆ ముఖంలో తాను కాదలచుకున్నవాడెవరో కనిపిస్తాడు. ఆ ధైర్యం, ఆ చిలిపితనం, అన్యాయం మీద ఆ కోపం తనకూ ఉంటే బాగుండునని లోపల అనిపిస్తుంది. అటువంటప్పుడు పక్కవాడు “నువ్వు అతనిలాగే ఉన్నావు” అంటే, అవన్నీ నీలో అప్పుడే ఉన్నాయని చెప్పినట్లు వినబడుతుంది. సంతోషం అందుకే.

నేనూ దీనికి అతీతుణ్ణి కాను. 1983లో ‘ఖైదీ’ వచ్చేనాటికి నేను హైస్కూలు విద్యార్థిని. చిరంజీవి గారి పేరు వింటేనే మా తరగతి తరగతి ఊగిపోయేది. నీ కళ్ళు ఆయన కళ్ళలా ఉన్నాయిరా అని ఒక స్నేహితుడు అన్నాడు. నా కళ్ళలో ఆ పోలిక ఇంతవరకు మరెవ్వరికీ కనబడలేదు, మా అమ్మకు కూడ. అయినా ఆ స్నేహితుడంటే నాకు ఇప్పటికీ ఇష్టమే!

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ఈ పోలికల సంగతి మళ్ళీ ఎదురైంది, అదీ కోడిగుడ్ల రూపంలో. పునీత అగస్టీను వారు ఎనభై మూడు ప్రశ్నలకు సమాధానాలుగా వ్రాసిన గ్రంథం ఒకటుంది. అందులో వారు పోలిక వేరు, ప్రతిరూపం వేరు అంటారు. రెండు గుడ్లు పక్కపక్కన పెట్టండి. ఒకటి చూస్తే మరొకటి చూడనక్కరలేదు, అంత పోలిక. అయినా మొదటి గుడ్డు రెండవదానికి ప్రతిరూపం కాదు. ఎందుకంటే ఒకటి మరొకదానినుండి రాలేదు. ఒకదానికి ఇంకొకదానితో ఏ సంబంధమూ లేదు. అద్దంలోని నీడ అలా కాదు. మనిషి నిలబడితేనే అది ఉంది, మనిషి తొలగితే అదీ లేదు. బిడ్డ ఇంకా గొప్ప ఉదాహరణ. బిడ్డకు తండ్రి పోలిక రావడం యాదృచ్ఛికం కాదు, తండ్రినుండి వచ్చాడు గనుక వచ్చింది. పునీత తోమాసు అక్వినాసు వారు మానవుడు దేవుని ప్రతిరూపమని వివరించబోతూ అగస్టీను వారి ఈ గుడ్లనే తీసుకున్నారు. తత్వశాస్త్రమంటే భయపడేవారు ఈసారి కూరకు గుడ్లు ఉడకబెట్టేటప్పుడు ఆలోచించి చూడండి, కష్టమేమీ కాదు.

నువ్వు ఒక నటునిలా ఉన్నావంటే అది గుడ్డుకు గుడ్డు పోలిక. ముక్కు ముక్కుతో, గడ్డం గడ్డంతో కలిసింది. చూడముచ్చటగా ఉంటుంది, సరదాగానూ ఉంటుంది. కాని నువ్వు అతనినుండి రాలేదు. అతనికి నువ్వున్నట్లు కూడ తెలియదు. ఆ మాటకొస్తే, తెరమీద మనం చూచే చిరంజీవి గారు కూడ మొగల్తూరులో కొణిదెల శివశంకర వరప్రసాద్‌గా పుట్టినవారే. తెరమీది పేరు వేరు, తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో నాకు ఒక తల్లి నేర్పింది. గురుపట్టం పొందిన కొత్తలో కృష్ణా తీరాన ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. అప్పట్లో తిరునాళ్ళకు రికార్డింగ్ డాన్సు బృందాలు వచ్చేవి. ప్రతి బృందంలోనూ డూపులుండేవారు. ఎన్టీఆర్ డూపు, కృష్ణ డూపు, చిరంజీవి డూపు. మా విచారణ యువకుడొకడు పగలు తాపీపని చేసేవాడు, రాత్రి చిరంజీవి డూపు. పోలిక నిజంగానే ఉండేది. ఊరంతా అతణ్ణి ఆ పేరుతోనే పిలిచేది. తాపీమేస్త్రీ కూలీల పుస్తకంలో కూడ ఆ పేరే వ్రాసుకున్నాడు. జ్ఞానస్నానంలో అతనికి పెట్టింది పాదువాపురి పునీతుని పేరు. అది గుడి రిజిస్టరులో ఉంది, తల్లి నోట ఉంది, ఇంకెక్కడా లేదు. “మావోణ్ణి పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నేనయ్యా” అని ఆమె ఒకసారి నాతో అన్నది. ఫిర్యాదుగా కాదు, కొంత గర్వంగానే అన్నది. ఆమె మిరపకాయల కోతకు పోయి కొడుకును పెంచింది. భర్త ఈ బిడ్డకు మూడేళ్ళప్పుడే పాము కరచి చనిపోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడ లేదు. గోడలనిండా సినిమా పోస్టర్లున్నాయి.

ఒక రాత్రి ప్రోగ్రాం ముగించుకొని వస్తుండగా బృందం వ్యాను కల్వర్టును గుద్దింది. తెల్లవారుజామున కబురందగానే ఆ తల్లి గురుమందిరం తలుపు తట్టింది. ఇద్దరమూ మొదటి బస్సుకు పట్టణంలోని పెద్దాసుపత్రికి పోయాము. ఆమె కొడుకు పేరు చెప్పింది. రిజిస్టరు వెదికారు. ఆ పేరుగల మనిషి లేడన్నారు. తోటి డాన్సర్లు చేర్పించేటప్పుడు తమకు తెలిసిన పేరు చెప్పారు, వారికి తెలిసింది డూపు పేరే. ఆ కంగారులో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వార్డులో మంచం మంచానికీ తిరిగాము. ప్రమాదంలో దెబ్బలు తిన్నవారందరూ అక్కడే ఉన్నారు, తలలకూ ముఖాలకూ కట్లు. ఆమె తన కొడుకు మంచం పక్కనుండే రెండుసార్లు నడిచి పోయింది. ముఖం కనబడితే గదా! చివరకు వార్డు నడుమ నిలబడి జ్ఞానస్నానపు పేరుతో గొంతెత్తి పిలిచింది. నర్సమ్మ అరవకూడదని వారించబోయేలోపే మూలమంచం మీదినుండి “అమ్మా” అని వినబడింది.

యోహాను సువార్త 20వ అధ్యాయం చదివేటప్పుడల్లా నాకు ఆ వార్డు గుర్తుకు వస్తుంది. మగ్దలా మరియమ్మ ప్రభువు ముఖాన్ని ఎదురుగా చూచింది. చూచి, తోటమాలి అనుకొన్నది. ఆమెకంటే ప్రభువును ఎక్కువ ప్రేమించినవారు ఎంతమంది? అయినా కన్నీళ్ళ మధ్య ఆ ముఖం ఆమెకు ఏమీ చెప్పలేకపోయింది. ప్రభువు ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఒక్క పేరు, ముందూ వెనుకా మరో మాట లేదు. అప్పుడు గుర్తుపట్టింది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడని అదే సువార్తలో 10వ అధ్యాయంలో ప్రభువు ముందే చెప్పి ఉన్నాడు.

ఆ యువకుడు బ్రతికాడు. కాని చెంపమీద పెద్ద గాటు మిగిలింది, దవడ కొంచెం పక్కకు అతికింది. బృందం వేరే డూపును చూచుకున్నది. వారిని తప్పు పట్టను, వారి బ్రతుకుతెరువే పోలిక. కొన్ని నెలల తరువాత ఇల్లు చూడబోయినప్పుడు అతడు అద్దం బోర్లించి పెట్టి కూర్చున్నాడు. “ఇప్పుడు నేనెవరిలా ఉన్నాను ఫాదర్?” అన్నాడు. నేను జవాబు వెదుకుతుండగా, పొయ్యి దగ్గర ఊదుకుంటున్న తల్లి ఇటు తిరగకుండానే అన్నది: “ఎవురిలా ఉంటావురా? మీ నాన్నలా ఉన్నావు. పుట్టినప్పట్నించీ అట్టాగే ఉన్నావు. ఎవురు చూశారు గనక?” అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నాన్న ఎట్టా ఉండేవాడని అడిగాడు. ఇరవై మూడేళ్ళ వయస్సులో మొదటిసారి అడిగాడట. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆకలితో వచ్చినవాణ్ణి చూస్తే ఆయన కూర్చున్న కంచం ముందునుండి లేచిపోయేవాడట. కోపం వస్తే మాట్లాడకుండా పోయి కట్టెలు కొట్టేవాడట. నేను మెల్లగా లేచి వచ్చేశాను. అది వాళ్ళిద్దరి మాట.

ఆ తల్లి అగస్టీను వారిని చదవలేదు. గుడ్డుకు గుడ్డు పోలికను ఆమె పక్కన పెట్టేసింది. తండ్రికీ కొడుకుకూ ఉన్న పోలికను చేతికందించింది. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మానవుణ్ణి తన రూపంలో, తన పోలికగా చేసినట్లు చదువుతాము. అక్కడితో ఆగకండి. 5వ అధ్యాయం 3వ వచనం కూడ చూడండి. ఆదాముకు షేతు పుట్టినప్పుడు కూడ అదే పోలిక, అదే రూపం అనే మాటలున్నాయి. అంటే దేవునికీ మనకూ ఉన్న సంబంధాన్ని చెప్పడానికీ, తండ్రికీ బిడ్డకూ ఉన్న సంబంధాన్ని చెప్పడానికీ ఆ గ్రంథకర్త అవే మాటలు వాడాడు. తండ్రిని మాకు చూపించమని ఫిలిప్పు అడిగినప్పుడు, తనను చూచినవాడు తండ్రిని చూచినట్లేనని ప్రభువు చెప్పినదీ ఈ వెలుగులోనే చదవాలి.

మరి ఆ ప్రభువు చూడడానికి ఎలా ఉండేవాడు? మన ఇళ్ళలో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘కరుణామయుడు’లో విజయచందర్ గారిలా! 1978లో వచ్చిన ఆ చిత్రాన్ని ఊరూరా తెరలు కట్టి చూపించారు. చాపమీద కూర్చుని ఏడ్చినవారిలో మన అమ్మమ్మలున్నారు. ఆ చిత్రం చేసిన మేలు చిన్నది కాదు. అలాగే 1977లో ‘జీసస్ ఆఫ్ నజరెత్’లో నటించిన ఇంగ్లండు నటుడు రాబర్ట్ పావెల్ గారి ముఖం ఎన్నో దేశాలలో భక్తి పటాలకెక్కింది. విజయచందర్ గారే 1986లో షిర్డీ సాయిబాబాగా కూడ నటించారు. నటుని ముఖం అద్దె ఇల్లు వంటిది. ఎవరు వచ్చినా కొంతకాలం ఉండి పోతారు. తప్పు లేదు, అది ఆ వృత్తి.

సువార్తలు నాలుగూ వెదకినా ప్రభువు కనుముక్కు తీరు గురించి ఒక్క మాట దొరకదు. పైగా గెత్సేమనీ తోటలో యూదా సైనికులకు ముద్దుతో గుర్తు చూపవలసి వచ్చింది. ఎందుకు? ఆ చీకటిలో, ఆ పన్నెండుగురి మధ్య ఆయన ప్రత్యేకంగా కనబడే మనిషి కాడు గనుకనే అని నాకు తోస్తుంది. గలిలయ జాలరుల పక్కన నిలబడితే ఆయనా ఒక గలిలయ మనిషే. యెషయా ప్రవక్త 53వ అధ్యాయంలో చూపిన బాధామయ సేవకుడికైతే చూపరులను ఆకట్టుకొనే అందం లేదని స్పష్టంగానే ఉంది. ప్రతి సంవత్సరం పవిత్ర శుక్రవారం సిలువమార్గం ప్రదర్శనకు క్రీస్తు పాత్ర ఎవరికివ్వాలని మన యువజన సంఘాలలో గొడవ వస్తుంది. పొడవాటి జుట్టు, గడ్డం, తెల్లటి మేనిఛాయ ఉన్నవాడికే ఓటు. నల్లని కుర్రవాడు సైనికుడుగానో, బరబ్బగానో మిగులుతాడు. ఈ అలవాటు ఏ సువార్తనుండి వచ్చిందో నాకెవరూ చూపలేదు.

పోలికల మాట వచ్చింది గనుక, మన దేశానికి సువార్త తెచ్చిన పునీత తోమా గారిని మరువరాదు. యోహాను సువార్త ఆయనను ‘దిదిము’ అంటుంది. ఆ మాటకు కవలవాడని అర్థం. ఎవరికి కవల? సువార్త చెప్పదు. మూడవ శతాబ్దంలో సిరియా ప్రాంతంలో పుట్టిన ‘తోమా చర్యలు’ అనే గ్రంథమైతే ఆయన యేసునే పోలి ఉండేవాడని ఒక కథ అల్లింది. పెండ్లి ఇంట వధూవరులకు ప్రభువు తోమా రూపంలో కనబడ్డాడట. తిరుసభ ఆ గ్రంథాన్ని లేఖనాలలో చేర్చలేదు, మనమూ దాన్ని చరిత్రగా చదవనక్కరలేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరు. ప్రభువులాగే ఉంటావని అనిపించుకున్నవాడిగా ఆ కథ చెప్పిన తోమా, సువార్తలో ముఖాన్ని చూచి నమ్మలేదు. గాయాలు చూపమన్నాడు. మైలాపూరు మీదుగా పోయేవారు పునీత తోమా కొండ ఎక్కినప్పుడు ఈ సంగతి తలచుకోండి.

ఇక చివరగా, ఎవ్వరూ ఏ హీరోతోనూ పోల్చని బిడ్డల గురించి. ప్రతి తరగతిలో పోలిక చెప్పించుకునేవారు ఇద్దరుంటే, వినీ వినీ తల వంచుకునేవారు ముప్పైమంది ఉంటారు. చామనఛాయ పిల్లను పక్కన పెట్టుకొని అక్కను మెచ్చుకునే చుట్టాలు మనకు కొత్త కాదు. తల్లిదండ్రులారా, ఆ ప్రశంస వద్దని నేను అనను. కాని ఆ మాట అన్న నోటితోనే ఇంకో పోలిక కూడ చెప్పండి. “నీ చెయ్యి అచ్చం మీ తాతయ్య చెయ్యిరా, ఏ మొక్క నాటినా బ్రతికేది.” “మీ నాయనమ్మలాగా నువ్వూ అన్నం పెట్టేటప్పుడు ముందు ఎదుటివాళ్ళ కంచం చూస్తావు.” ఇవి విన్న బిడ్డ కూడ అద్దం ముందుకు పోతాడు, పోనివ్వండి. అద్దంలో ఈసారి అతనికి కనబడేవాళ్ళు వేరు.

జ్ఞానస్నాన సాంగ్యం మొదలయ్యేదే తల్లిదండ్రులను బిడ్డ పేరు అడగడంతో. చాలామంది పెద్దలు ఆ పేరు మరచిపోయారు. కొందరికి అది బడి సర్టిఫికెట్టులో లేదు, ఆధార్ కార్డులోనూ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా అలా మరుగునపడి ఉంటే వచ్చే ఆదివారం రెండవ పూజ తరువాత గుడి కార్యాలయానికి రండి. జ్ఞానస్నానం జరిగిన సంవత్సరం సుమారుగా చెబితే చాలు, పాత రిజిస్టర్లు తీసి చూద్దాము. ఆ పేరుగల పునీతుని పండుగ తేదీ కూడ వ్రాసి ఇస్తాను. చీటీ వ్రాసిన బిడ్డ కూడ రావచ్చు. నువ్వేనా వ్రాసిందని నేను అడగను.